అన్నప్రాశనము – స్తన్యము నుండి అన్నమునకు



పసిబిడ్డ తల్లిపాల నుండి అన్నమునకు మరలు కాలము చూచుటకు చిన్న విషయమే. కాని మన ఋషులు దానికొక సంస్కారమునే విధించినారు. అదియే అన్నప్రాశనము. దాని పూర్వచరిత్రను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మన తెలుగునాట కృష్ణయజుర్వేదులలో పెక్కుమంది అనుసరించునది ఆపస్తంబ గృహ్యసూత్రము. పుట్టినది మొదలు ఆరవ మాసమున బ్రాహ్మణులకు భోజనము పెట్టి, వారి ఆశీస్సులు పొంది, పెరుగు, తేనె, నెయ్యి, అన్నము కలిపి శిశువునకు తినిపింపవలెనని అందలి విధి. అప్పుడు చెప్పెడి మంత్రముల భావము గమనింపదగినది. అవి బిడ్డకు సిరిసంపదలు కోరవు. జలములును ఓషధులును వానికి శుభమగుగాక, రోగము కలిగింపకుండుగాక అని ప్రార్థించును. తొలిముద్దతోపాటు తల్లికి తొలిభయము కూడ కలుగునని ఋషులెరుగుదురు.

ఆశ్వలాయనుడును ఆరవ మాసమునే చెప్పి, తేజస్సు కోరువారు నేతి అన్నము పెట్టవలెనన్నాడు. మనుస్మృతియు ఆరవ మాసమనియే చెప్పి, కులాచారమునకు కూడ తావిచ్చినది.

ఇక వైద్యగ్రంథములు చూతము. సుశ్రుతుడు ఆరవ మాసమున లఘువు, హితము అయిన అన్నము పెట్టుమన్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయమున, దంతములు వచ్చిన బిడ్డను స్తన్యము నుండి క్రమముగా మరల్పుమని చెప్పి, సారపప్పు, అతిమధురము, తేనె, పేలాలు, పటికబెల్లము చేర్చిన ఉండలను పేర్కొన్నాడు. నేపాలదేశమున అసంపూర్ణముగా లభించి 1938లో ముద్రితమైన కాశ్యపసంహిత ఆరవ మాసమున ఫలములు, పదవ మాసమున అన్నము అన్నది. కాలనిర్ణయమున భేదమున్నను వీరందరి మార్గము ఒక్కటే. అది క్రమముగా నడచు మార్గము.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. అన్నము మొదలుపెట్టుట వేరు, పాలు మాన్పించుట వేరు. మొదటిదానికి సంస్కారము కలదు. రెండవదానికి షోడశ సంస్కారములలో ఎచ్చటను చోటు లేదు. దానిని ఋషులు తల్లికే విడిచిపెట్టినారు. అయినను అన్నప్రాశనమైన మరునాటి నుండియే రొమ్మునకు వేపాకు ముద్ద పూసి పాలు మాన్పించు ఇండ్లు నేనెరుగుదును. అది శాస్త్రము కాదు.

రెండవ పొరపాటు ఆలస్యము. ఇందులో నా దోషమును దాచను. సుమారు నలుబది ఏండ్ల క్రిందట ఒక కుటుంబమువారు ఇలవేల్పు సన్నిధిలోనే అన్నప్రాశనము జరుగవలెననిరి. మేనమామకు సెలవు దొరకలేదని ఒకమారు, బంధువులు రాలేదని మరొకమారు వాయిదా కోరిరి. నేనును కాదనక ముహూర్తములు మార్చి ఇచ్చితిని. అట్లు పదవ మాసము వచ్చినది. అంతవరకు బిడ్డకు పాలు తప్ప వేరొకటి పెట్టలేదు. పీటపై కూర్చుండబెట్టినప్పుడు వాని చేతులు పుల్లలవలె నుండెను. నాయనమ్మ నన్నడిగినది: "అయ్యగారూ, మంచిరోజు వచ్చేదాకా పసివాడి ఆకలి ఆగుతుందాండీ?" నా యొద్ద సమాధానము లేకపోయినది. నియతకాలమున చేయవలసిన సంస్కారమునకు మూఢము సైతము అడ్డు కాదని చదివిన నేను, మేనమామ సెలవునకు లొంగితిని.

నేటి వైద్యులును ఇంచుమించు ఇదే మాట చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తన పూర్వపు సలహాను సవరించి, ఆరు మాసములు నిండువరకు తల్లిపాలు మాత్రమే చాలుననియు, పిదప మెత్తని ఆహారము మొదలిడి, రెండేండ్లు, ఆపైన కూడ పాలు కొనసాగింపవలెననియు నిర్ణయించినది. ఆరు నెలల తరువాత బిడ్డకు కావలసిన ఇనుము వంటి ధాతువులు పాలవలన మాత్రమే చాలవు. సూత్రకారుల ఆరవ మాసమునకును వైద్యుల ఆరు నిండుటకును నడుమ భేదము స్వల్పమే.

తేనె విషయమున మాత్రము జాగ్రత్త వహింపవలెను. ఏడాది నిండని శిశువులకు తేనెలోని ఒక సూక్ష్మజీవి వలన కండరములు చచ్చుబడు వ్యాధి రావచ్చునని 1976 తరువాతి పరిశోధనలలో తేలినది. కావున మొదటి ఏడు తేనె నాకింపరాదని వైద్యుల మాట. దీనివలన సంస్కారమునకు లోపమేమియు లేదు. ఆశ్వలాయనుడు చెప్పిన నేతి అన్నము ఉండనే ఉన్నది. రోగము కలుగకుండుగాక అని మంత్రము చదువుచు రోగహేతువును నోట పెట్టుట ఆ మంత్రమునకే విరోధము గదా!

తల్లులారా! తగిన కాలము రాగానే శుభ్రమైన గిన్నెలో మెత్తగా చిదిమిన నేతి అన్నము భగవంతునికి నివేదించి బిడ్డకు పెట్టుడు. మరునాడును పెట్టుడు. పప్పుకట్టు, పండ్లగుజ్జు ఒక్కొక్కటిగా చేర్చుడు. మీ పాలు మానకుడు. బంధువులు కుదిరిన నాడే రావచ్చును. బిడ్డ ఆకలి మాత్రము వారికొరకు వేచియుండదు.

స్వస్తి.