లాప్‌టాప్ కొనుగోలు: ఎవరి పనికి ఏ కాన్ఫిగరేషన్?

లాప్‌టాప్ కొనదలచిన వారు తొలుత అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే: ‘ఈ ధరలో ఏది మంచిది?’ దుకాణదారు గానీ, కంప్యూటర్లు తెలిసిన బంధువు గానీ, కార్యాలయాలకు యంత్రాలు సమకూర్చే సాంకేతిక నిపుణుడు గానీ ఈ ప్రశ్నకు వెంటనే ఒక మోడల్ పేరు చెప్పడం సరికాదు. అకౌంటెంట్‌కు చక్కగా సరిపోయే యంత్రం సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థికి రెండో సంవత్సరంలోనే చాలకపోవచ్చు. ఆ విద్యార్థికి తగిన యంత్రం బడి ఉపాధ్యాయురాలికి అనవసరమైన బరువు, అదనపు ఖర్చు కావచ్చు. మధ్యతరగతి కుటుంబం నాలుగైదేళ్లకు ఒకసారి, తరచుగా నెలవారీ వాయిదాలపై కొనే వస్తువు ఇది. ఎంపిక తప్పితే ఆ ఇబ్బందిని అన్నేళ్లూ భరించవలసి వస్తుంది.

ముందు పని, తరువాత యంత్రం

సలహా ఇచ్చేవారు ఐదు విషయాలు అడిగి తెలుసుకోవాలి. రోజూ వాడే సాఫ్ట్‌వేర్లు ఏవి? ఒకేసారి ఎన్ని తెరిచి ఉంచుతారు? లాప్‌టాప్ బల్లపైనే ఉంటుందా, రోజూ సంచిలో మోయాలా? ఎన్నేళ్లు వాడాలనుకుంటున్నారు? ప్రింటర్, ప్రొజెక్టర్, డిజిటల్ సంతకం టోకెన్ వంటి వేటిని దానికి కలుపుతారు?

‘ఆఫీసు పని’, ‘చదువు కోసం’ వంటి జవాబులతో సరిపెట్టుకోకూడదు. సాఫ్ట్‌వేర్ పేరు తెలిస్తే దాని తయారీదారు ప్రకటించిన కనీస, సిఫార్సు అవసరాలను చూడవచ్చు. కనీస అవసరం అంటే ఆ సాఫ్ట్‌వేర్ నడవడానికి కావలసినది మాత్రమే. నాలుగైదేళ్ల వాడకానికి సిఫార్సు చేసిన స్థాయినే ప్రాతిపదికగా తీసుకోవాలి.

మార్చలేని వాటికే మొదటి ప్రాధాన్యం

లాప్‌టాప్‌లోని భాగాలు రెండు రకాలు. కొన్నిటిని తరువాత మార్చుకోవచ్చు, కొన్నిటిని మార్చలేము. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ దాదాపు అన్ని లాప్‌టాప్‌లలోనూ మదర్‌బోర్డుకు అతికి ఉంటాయి. తెర, కీబోర్డు, పోర్టులు కొన్నప్పటివే చివరివరకూ ఉంటాయనుకోవాలి. ఎస్‌ఎస్‌డీని చాలా మోడళ్లలో మార్చుకోవచ్చు. ర్యామ్ సంగతి మోడల్‌ను బట్టి మారుతుంది.

బడ్జెట్ పరిమితంగా ఉన్నప్పుడు మార్చలేని భాగాలపై ముందు ఖర్చు చేయాలి. ఉదాహరణకు ఒకే ధరలో రెండు యంత్రాలు ఉన్నాయనుకుందాం. ఒకదానిలో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నా తెర నాసిరకం, ర్యామ్ 8 జీబీ దగ్గరే ఆగిపోతుంది. రెండోదానిలో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, మంచి తెర, ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉన్నాయి. ఎక్కువ కాలం అక్కరకు వచ్చేది రెండోదే.

ప్రాసెసర్ పేరు చదవడం

‘ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7 మేలు’ అనే లెక్క ఒకే తరానికి చెందిన, ఒకే రకం ప్రాసెసర్ల మధ్యే చెల్లుతుంది. 2016లో వచ్చిన ఇంటెల్ ఐ7-7500యూలో ఉన్నవి 2 కోర్లు. 2022లో వచ్చిన ఐ3-1215యూలో 6 కోర్లు ఉన్నాయి. ఐ3-1215యూలోని ‘12’ అది పన్నెండో తరానిదని చెబుతుంది. చివరి ‘యూ’ తక్కువ విద్యుత్తు వాడే రకానికి గుర్తు. ‘హెచ్’ ఉంటే శక్తి ఎక్కువ, వేడి ఎక్కువ, బ్యాటరీ ఖర్చు కూడా ఎక్కువ.

ఏఎండీ రైజెన్ 7000 శ్రేణి లాప్‌టాప్ ప్రాసెసర్లలో మూడో అంకెను గమనించాలి. 7520యూలోని 2 జెన్ 2 నిర్మాణానికి, 7530యూలోని 3 జెన్ 3కి, 7640యూలోని 4 జెన్ 4కు సంకేతాలు. మూడింటి పైనా ‘రైజెన్ 5’ అనే ఉంటుంది, సామర్థ్యం మాత్రం ఒకటి కాదు. ప్రకటనలోని పెద్ద అక్షరాలతో ఆగకుండా పూర్తి మోడల్ సంఖ్యను చూడాలని చెప్పేది ఇందుకే.

వాడిన లాప్‌టాప్‌లు కొనేవారికి ఇది మరీ ముఖ్యం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా సదుపాయం అవసరం. ఇంటెల్ ప్రాసెసర్లలో అధికారిక మద్దతు, కొద్ది మినహాయింపులతో, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. ‘ఐ7, తక్కువ ధర’ అని చూసి ఏడో తరం యంత్రం కొంటే బ్యాంకు లావాదేవీలు, పన్ను పత్రాలు చూసుకునే కంప్యూటర్ భద్రతా నవీకరణలకు దూరమవుతుంది.

ర్యామ్, స్టోరేజ్

బ్రౌజర్, వర్డ్, వీడియో పాఠాల వరకైతే 8 జీబీ ర్యామ్ సరిపోతుంది. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో ర్యామ్‌లో కొంత భాగాన్ని తెర కోసం వాడుకుంటారు కనుక పూర్తి 8 జీబీ పనికి దొరకదు. నాలుగైదేళ్లు వాడదలచిన వారు 16 జీబీ తీసుకోవడం మంచిది. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే 8 జీబీతో పాటు ఖాళీ స్లాట్ ఉన్న మోడల్ ఎంచుకోవాలి. ‘ఎల్‌పీడీడీఆర్’ అని ఉంటే ఆ ర్యామ్ సాధారణంగా బోర్డుకు అతికి ఉంటుంది. అటువంటప్పుడు కావలసినంత ర్యామ్ మొదటే తీసుకోవాలి.

స్టోరేజ్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉత్తమం. తక్కువ ధర లాప్‌టాప్‌లలో కనిపించే 64 జీబీ ఈఎంఎంసీ నెమ్మదిగా పనిచేస్తుంది, విండోస్ నవీకరణలకే ఇరుకవుతుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రానికి ఎస్‌ఎస్‌డీ అమర్చితే తేడా వెంటనే తెలుస్తుంది. మిగతా భాగాలు బాగున్న వారికి కొత్త లాప్‌టాప్ అవసరమే రాకపోవచ్చు. ఆ మాట కొనుగోలుదారుకు చెప్పడం కూడా మంచి సలహాలో భాగమే.

తెర, బ్యాటరీ

రోజుకు ఆరేడు గంటలు చూసే తెర విషయంలో పొదుపు మంచిది కాదు. 1920×1080 రెజల్యూషన్, ఐపీఎస్ తరహా ప్యానెల్ ఉండేలా చూసుకోవాలి. కిటికీ పక్కన, వెలుతురు ఎక్కువగా ఉన్న గదుల్లో పనిచేసేవారికి 250 నిట్స్ వెలుగు చాలదు. 300 లేదా అంతకు మించి ఉండాలి. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ తెరపై రంగులు వెలిసినట్లు కనిపిస్తాయి. ఫొటోలు, ముద్రణ పని చేసేవారు దాదాపు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న తెరను ఎంచుకోవాలి.

బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చూడాలి. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం సగటున 10 వాట్లు వాడితే నాలుగు గంటలకు కొంచెం పైగా నడుస్తుంది. ప్రకటనల్లో చెప్పే గంటలు తెర వెలుగు తగ్గించి, తేలికపాటి పనితో లెక్కించినవి కావచ్చు.

నాలుగు పనులు, నాలుగు ఎంపికలు

చిన్న వ్యాపారి, అకౌంటెంట్: ట్యాలీ, ఎక్సెల్, జీఎస్‌టీ పోర్టల్ పనికి ఇటీవలి తరం ఐ3 లేదా రైజెన్ 3, 8 నుంచి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. విడిగా అంకెల మీటలు ఉన్న 15.6 అంగుళాల కీబోర్డు పనిని సులభం చేస్తుంది. మిగిలిన డబ్బుతో లెక్కల బ్యాకప్ కోసం ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనుక్కోవచ్చు. స్నాప్‌డ్రాగన్ వంటి ఆర్మ్ ప్రాసెసర్ లాప్‌టాప్ కొనేముందు ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్లు దానికి ఉన్నాయో లేదో నిర్ధారించుకోవాలి.

ఇంజినీరింగ్ విద్యార్థి: కంప్యూటర్ సైన్స్‌కు ఐ5 లేదా రైజెన్ 5, 16 జీబీ ర్యామ్ ఉండాలి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడిపితే 8 జీబీ త్వరగా నిండిపోతుంది. సివిల్, మెకానికల్ విద్యార్థులు వాడే రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్‌కే పరిమితం కనుక మ్యాక్‌బుక్ వారికి తగదు. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ వరకు పెంచుకునే వీలు చూడాలి. కృత్రిమ మేధ నేర్చుకునేవారు కేవలం అందుకోసం ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ కొననవసరం లేదు. తొలి పాఠాలకు గూగుల్ కొలాబ్ వంటి ఆన్‌లైన్ సేవలు సరిపోతాయి.

తెలుగు డీటీపీ ఆపరేటరు: అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వంటి పాత సాఫ్ట్‌వేర్లకు శక్తిమంతమైన ప్రాసెసర్ అక్కరలేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. అవి కొత్త విండోస్‌లో సరిగా నడుస్తున్నాయో లేదో కొనేముందే పరీక్షించుకోవడం ముఖ్యం. ఆ తరువాత తెర నాణ్యతకు ప్రాధాన్యం ఇవ్వాలి.

ఉపాధ్యాయులు: 1.5 కిలోల లోపు బరువు, 14 అంగుళాల తెర, స్పష్టమైన కెమెరా, మైకు చూడాలి. తరగతి గది ప్రొజెక్టర్ కోసం హెచ్‌డీఎంఐ పోర్టు ఉండాలి. లేకపోతే అడాప్టర్ ఖర్చును కలుపుకోవాలి.

వారంటీ, బిల్లు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలకు దూరంగా ఉండేవారు ఆన్‌సైట్ వారంటీ తమ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. వర్తించకపోతే చిన్న మరమ్మతుకూ సర్వీస్ సెంటర్‌కు ప్రయాణించాలి. కింద పడటం, నీళ్లు ఒలకడం వల్ల కలిగే నష్టానికి సాధారణ వారంటీ వర్తించదు, దానికి వేరే పథకం తీసుకోవాలి. విదేశాల్లో చదువుకోబోయే విద్యార్థులు వారంటీ ఆ దేశంలో చెల్లుతుందో లేదో అడగాలి.

జీఎస్‌టీ నమోదు ఉన్న వ్యాపారులు తమ జీఎస్‌టీ సంఖ్యతో బిల్లు తీసుకుంటే, వ్యాపారానికి వాడే లాప్‌టాప్‌పై చెల్లించిన 18 శాతం పన్నుకు నిబంధనల మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ పొందవచ్చు. పెట్టె తెరిచిన రోజే సీరియల్ నంబర్‌ను బిల్లుతో సరిపోల్చాలి. విండోస్ సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’ పేజీలో ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ చూసి, ఒప్పుకున్నదే వచ్చిందని నిర్ధారించుకోవాలి. తేడా ఉంటే వెంటనే విక్రేతకు రాతపూర్వకంగా తెలపాలి. అక్కడ పరిష్కారం దొరకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.