మెడకు రెండు దారులు

"చొక్కా గుండీలు పడట్లేదండీ. అన్నం ముద్ద కలవట్లేదు. కాలి చెప్పు జారిపోయినా తెలీట్లేదు."

గన్నవరం పక్కన చినఅవుటపల్లి మెడికల్ కాలేజీకో, బెజవాడ సూర్యారావుపేటకో వచ్చే పెద్దవాళ్ల నోట ఈ మాటలు వినిపిస్తే, మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందేమోనని డాక్టరు అనుమానిస్తాడు. ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లు అడిగేవి రెండే: "మంచాన పడరు కదా?", "కోత ముందునుంచా, వెనకనుంచా?"

రెండో ప్రశ్నకి డెబ్భై ఏళ్ల చరిత్ర ఉంది.

అంతకుముందు దారి దాదాపు ఒకటే, వెనకవైపు. తడిమితే చేతికి తగిలే ఎముక అక్కడే ఉంది మరి. పూసల వెనక కప్పు తీసేసి వెన్నుపాముకి చోటిచ్చేవారు. దాని పేరు లామినెక్టమీ. కానీ అరిగిన మెడలో తరచు నొక్కేది ముందునుంచి: ఉబ్బిన డిస్కు, దాని అంచున పెరిగిన ఎముక. పైగా కప్పు పోయిన మెడ కొందరిలో క్రమంగా ముందుకి వంగిపోయేది.

1955లో బాల్టిమోర్‌లో రాబిన్సన్, స్మిత్ గొంతు పక్కనుంచి దారి తీశారు. శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ పక్కకి జరిపి, డిస్కు తీసి, ఆ చోట తుంటి ఎముక ముక్క పెట్టి పూసల్ని అతికించారు. 1958లో హొనొలులు సర్జన్ క్లోవర్డ్ ఇలాంటిదే మరో పద్ధతి ప్రకటించాడు. మన దగ్గర న్యూరోసర్జరీకి అప్పుడప్పుడే పునాది పడుతోంది: 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి. కృష్ణా జిల్లా కూడా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోదే.

ఒకటి రెండు డిస్కులకి ముందు దారి బాగా నప్పింది. మరి మెడ పొడుగునా నొక్కితే? జపాన్‌లో పూసల్ని కలిపే పట్టీ ఎముకగా గట్టిపడే జబ్బు ఎక్కువ. మనకీ కొత్త కాదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో గుర్తించిన ఫ్లోరోసిస్ ముదిరినా ఇలాంటి బిగింపే వస్తుంది. 1977లో టోక్యోలో హిరబయాషి కప్పుని తీసెయ్యకుండా, ఒకవైపు కోసి, రెండోవైపు బందు మీద తలుపులా తెరిచాడు. అదే లామినోప్లాస్టీ. వెనక దారికి మళ్లీ మర్యాద దక్కింది.

ఏది మేలు? అరుగుదల వల్ల వెన్నుపాము నలిగిన 163 మందిపై అమెరికా, కెనడాల్లో చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాది తర్వాత ఒంటి పనితీరులో రెండు దారులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మింగడంలో ఇబ్బంది లాంటి చిక్కులు మాత్రం ముందు దారిలో ఎక్కువ. ఆ పరీక్షలోకి తీసుకున్నది ఎటునుంచి చేసినా సరిపోయే మెడల్నే. మిగతావాళ్లకి నొక్కేది ఎటునుంచి, ఎన్నిచోట్ల, మెడ వంపు ఎలా ఉంది అన్నవే దారి చెబుతాయి. మెడ ముందుకి వంగిపోయి ఉంటే, వెనక కప్పు తెరిచినంత మాత్రాన వెన్నుపాము వెనక్కి జరగదు.

ఇక మొదటి ప్రశ్న. ప్రమాదం బొత్తిగా లేదని ఏ సర్జనూ అనడు. అయితే ఆపరేషన్ ముఖ్యంగా చేసేది జబ్బు ముదరకుండా ఆపడం. పోయిన పట్టు అంతా తిరిగొస్తుందన్న హామీ లేదు. ముందా వెనకా అని తేల్చుకోవడానికి నాలుగు రోజులు తీసుకోవచ్చు. భయంతో నెలలు గడిపేస్తే మాత్రం, ఏ దారిన వెళ్లినా ఆ గుండీలు మళ్లీ పడకపోవచ్చు.