రొయ్యకు పేరు మారిన కథ

నెల్లూరు తీరమున కండలేరు ఉప్పుటేటి వెంబడి, ముత్తుకూరు, ఇందుకూరుపేట ప్రాంతములలో రొయ్యల చెరువులు విస్తారముగా కలవు. అచ్చటి రైతునకు తెల్లరొయ్య, టైగరు, వనామి అను మూడు పేర్లు చాలును. ఈ పేర్లు నిలకడగనే ఉన్నవి. మారినవి పండితులు పెట్టిన పేర్లు.

టైగరు రొయ్యకు 1798లో ఫాబ్రిషియస్ పెనియస్ మోనొడాన్ అని పేరిడెను. తెల్లరొయ్యను 1837లో మిల్నె ఎడ్వర్డ్స్ పెనియస్ ఇండికస్ అనెను. వనామి ఈ తీరపు ప్రాణి కాదు. అమెరికా ఖండపు పసిఫిక్ తీరమున పుట్టినది. 1931లో బూన్ అను శాస్త్రజ్ఞురాలు వాన్ నేమ్ అను జంతుశాస్త్రవేత్త పేరిట దానికి పెనియస్ వన్నమై అని నామకరణము చేసెను. నెల్లూరు రైతు దినమునకు పదిసార్లు పలుకునది ఆ దొర పేరే!

1997లో పెరేజ్ ఫర్ఫాంతె, కెన్స్లీ అను ఇరువురు పెనియస్ ప్రజాతిని ఆరుగా విభజించిరి. తెల్లరొయ్య ఫెన్నెరోపెనియస్ ఇండికస్ అయినది. వనామి లిటోపెనియస్ వన్నమై అయినది. టైగరు మాత్రము పెనియస్‌గనే నిలిచినది.

పేరు మారుట చిన్న చిక్కు. పాతదాని ప్రక్కన క్రొత్తది వ్రాసికొన్న సరిపోవును. పేరు మారక దాని అర్థము మారుటయే పెద్ద చిక్కు. 1997కు ముందు పెనియస్ అనగా ఈ మూడు రొయ్యలును అందులోనివే. తరువాతి లెక్కలో టైగరుతో కూడ మూడే జాతులు ఆ ప్రజాతిలో మిగిలినవి. తెల్లరొయ్యయు వనామియు వెలుపలికి పోయినవి. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి ఈ చెరువులను పాడుచేసెను. ఆ కాలమున ఎవరైన “ఇది పెనియస్ రొయ్యలకు సోకును” అని వ్రాసియుండినచో, ఆ వాక్యమును క్రొత్త అర్థముతో చదివినవానికి తెల్లరొయ్యకు భయము లేదనిపించును. వ్యాధి మాత్రము ఆ భేదమును పాటింపదు.

నేడు వ్యాధుల పట్టికలు, జన్యు పట్టికలు, ఎగుమతి పట్టికలు కంప్యూటరులలో ఒకదానితో నొకటి ముడిపడి ఉన్నవి. ఒకదానిలో వర్గీకరణము మారినచో తక్కినవానిలో ఆ మార్పు తనంతట ప్రవేశింపదు. మాట కలిసినచో అర్థమును కలిసినదనియే యంత్రము భావించును.

వివాదము అంతటితో ముగియలేదు. క్రొత్త పేర్లను నిరాకరించు హక్కు పరిశోధకులకు కలదని 2007లో ఫ్లెగెల్ వాదించెను. 2009లో భారతదేశమున వనామి పెంపకమునకు అనుమతి వచ్చినపుడు నిబంధనలలో వ్రాయబడినది లిటోపెనియస్ అనియే. రెండేండ్లకే, 2011లో, మా, చాన్, చూ అను మువ్వురు జన్యు పరీక్షలు చేసి, ఆరు ప్రజాతుల విభజన నిలువదని చూపి, అన్నిటిని తిరిగి పెనియస్‌లో చేర్చుమనిరి. పలువురు పాతపేరునకే మరలిరి. ఒక్క పేరుతో వెదకు విద్యార్థికి సగము సాహిత్యమే దొరకుటకు కారణమిదియే.

దీనికి ప్రపంచ సముద్రజీవుల పట్టిక ఒక ఉపాయము పాటించుచున్నది. ప్రతి పేరునకు ఒక సంఖ్య నిచ్చి, త్రోసివేసిన పేరును చెరిపివేయక, అంగీకరించిన పేరునకు దానిని ముడివేయును. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒక్కొక జాతికి మూడక్షరముల గుర్తు నిచ్చినది, వనామికి పి.ఎన్.వి., టైగరుకు జి.ఐ.టి. శాస్త్రనామముతో పాటు ఆ గుర్తు మారవలసిన పని లేదు.

ఇవి పేరు మార్పునకు మందులు. అర్థము మార్పునకు చాలవు. అందులకు ప్రతి పేరు ప్రక్కను అది ఏ గ్రంథము చెప్పిన అర్థములో వాడబడినదో వ్రాయవలెను. బెర్లినులోని వృక్షశాస్త్రజ్ఞుడు బెరెండ్‌సోన్ ఈ పద్ధతిని 1995లోనే, అనగా రొయ్యల పేర్లు చీలుటకు రెండేండ్లు ముందే, ప్రతిపాదించెను. ఆ పని శ్రమతో కూడినది గనుక పెక్కు పట్టికలలో ఆ గడి నేటికిని ఖాళీగనే ఉన్నది.