ఐపీ పెట్టినవాడి ఇంట్లో ఏం మిగలాలి?

"ఫలానావాడు ఐపీ పెట్టేశాడట" అన్న మాట చిన్నతనంలో మా వీధి అరుగుల మీద చాలాసార్లు విన్నాను. ఆ మాట అంటున్న పెద్దల గొంతులో జాలి, ఏవగింపు కలగలిసి ఉండేవి. ఆ రెండక్షరాలు 'ఇన్సాల్వెన్సీ పిటిషన్' అన్న కోర్టుమాటకు పొట్టిరూపమని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరువాత. అప్పిచ్చినవారి కోపం అర్థం చేసుకోదగ్గదే. కూతురి పెళ్ళికని దాచుకున్న సొమ్ము ప్రామిసరీ నోటు మీద పోయినవాడికి తత్త్వం చెప్పి ప్రయోజనం లేదు. కాని నన్ను వెంటాడిన ప్రశ్న వేరు. పిటిషన్ పెట్టిన మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేది? ఇంత తిండికి, ఇంత బాకీకి అని లెక్క కట్టేదెవరు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరు పణాలకు నెలకు పణమూ పాతిక వడ్డీ ధర్మమని చెప్పిన కౌటిల్యుడే, పని జరిగే కాలంలో రైతునూ రాజోద్యోగినీ అప్పు నిమిత్తం పట్టుకోరాదనీ అర్థశాస్త్రంలో విధించాడు. దుక్కి వేళ రైతును బంధిస్తే పంట పోతుంది. పంట పోతే అప్పూ తీరదు, రాజుకు పన్నూ రాదు. పేరుకున్న వడ్డీ అసలును మించరాదన్న 'దాందుపట్' సూత్రం కూడా మన ధర్మశాస్త్రాలదే. అప్పుకు ఒక హద్దు ఉండాలన్న ఆలోచన అక్కడే ఉంది.

ఇంగ్లండు మరో దారిన నడిచింది. అక్కడ 1542లో వచ్చిన తొలి దివాలా చట్టం బాకీదారును నేరస్థుడిగానే చూసింది. 1705లో చేసిన చట్టానికి రెండు ముఖాలు. ఆస్తి దాచి మోసగించినవాడికి ఉరిశిక్ష. ఉన్నదంతా నిజాయితీగా అప్పగించినవాడికి మాత్రం బాకీల నుంచి విముక్తి. పైగా, పౌనుకు ఎనిమిది షిల్లింగులు, అంటే బాకీలో నూటికి 40 వంతులు తీర్చగలిగితే, వసూలైన సొమ్ములో నూటికి 5 వంతులు, 200 పౌన్లకు మించకుండా, అతడికే తిరిగి ఇచ్చేవారు. మళ్ళీ బతుకు మొదలుపెట్టడానికి అది పెట్టుబడి. అయితే ఈ దయ వర్తకులకే. చిన్న బాకీదారుల గతి చెరసాలే. 1824లో చార్లెస్ డికెన్స్ తండ్రి మార్షల్‌సీ జైలుకు వెళ్ళింది అప్పు కిందనే. పన్నెండేళ్ళ డికెన్స్ బూట్‌పాలిష్ కర్మాగారంలో పనిచేయవలసి వచ్చింది. అప్పుకు జైలు చాలావరకు తొలగింది 1869లో.

ఆ చట్టాల నీడ మన మీదా పడింది. 1828లో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో దివాలాదారుల కోర్టులు ఏర్పడ్డాయి. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలి, దాచుకున్నవారెందరినో ముంచింది. నగరాలకు 1909లో, జిల్లాలకు 1920లో వేర్వేరు దివాలా చట్టాలు వచ్చాయి. మన పల్లెల 'ఐపీ' ఈ 1920 చట్టం బిడ్డ. అయిదు వందల రూపాయల అప్పు ఉంటే చాలు, బాకీదారు తానే పిటిషన్ వేసుకోవచ్చు.

ఇంతకూ ఆ ఇంట్లో ఏం మిగలాలి? జవాబు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షనులో ఉంది. కోర్టు అమీనా జప్తుకు వచ్చినా ముట్టరానివి అందులో వరసగా రాశారు. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ విడిచిపెట్టకూడని నగలు, అంటే మన మంగళసూత్రాలు, చేతిపనివారి పనిముట్లు, రైతుకైతే వ్యవసాయపు సరంజామా, జీవనానికి కావలసిన పశువులు, విత్తనపు గింజలు, నివసించే ఇల్లు. ఇలా జప్తుకు అందనివేవీ ఐపీలో కూడా రిసీవరు చేతికి పోవని 1920 చట్టం చెప్పింది. అంతేకాదు, ఆస్తి రిసీవరు అధీనంలో ఉండగా బాకీదారుడి కుటుంబ పోషణకు అందులోంచే భృతి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

ఈ జాబితా చదివినప్పుడల్లా నాకు ఒక మామూలు తెలుగు ఇల్లు కళ్ళకు కడుతుంది. జప్తు జరిగినా మగ్గం ఆడుతుంది, ఎడ్లు కాడి కిందికి వెళ్తాయి, పొయ్యి మీద ఎసరు పడుతుంది.

జీతగాళ్ళకూ ఒక లెక్క ఉంది. భరణం డిక్రీలు తప్ప మిగతా డిక్రీలలో, నెలజీతంలో మొదటి వెయ్యి రూపాయలనూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులనూ ముట్టరాదు. 31,000 జీతమనుకోండి. వెయ్యి తీస్తే 30,000. అందులో 20,000 భద్రం. 21,000 ఇంటికి, 10,000 బాకీకి. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జప్తు జరిగితే, ఆ పైన ఆ డిక్రీకి జీతం అందదు. మంచి ఏర్పాటే. కాని ఆ 'మొదటి వెయ్యి' 2002 జులైలో అమలుకు వచ్చిన అంకె. అంతకు ముందు 400. ధరలు ఎక్కడికో పోయాయి, వెయ్యి అక్కడే ఆగింది. ఎక్కువ జీతగాడికి మూడోవంతు పోతే విలాసం పోతుంది, తక్కువ జీతగాడికి పోతే పాలూ మందులూ పోతాయి.

బాకీని ఇంటి స్తోమతుతో కొలవాలన్న బుద్ధి పాలకులకు తేలికగా పుట్టలేదు. 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడి పత్రాలు తగలబెట్టాకే 1879 దక్కను రైతుల సహాయ చట్టం వచ్చింది. పత్రంలో ఉన్న అంకెను నమ్మి ఊరుకోకుండా అసలెంత, వడ్డీ ఎంత అని కోర్టు తవ్వి చూడడం, వాయిదాలు కట్టించడం దానితో వచ్చాయి. మన ఆంధ్ర జిల్లాలకు ఆ ఊరట 1938లో రాజాజీ ప్రభుత్వం చేసిన మద్రాసు చట్టంతో అందింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు కట్టేసిన రైతు ఋణవిముక్తుడయ్యాడు. పాత దాందుపట్టే కొత్త చొక్కా తొడుక్కుంది. వారం వారం కిస్తీల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగిన తరువాత 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన సూక్ష్మఋణాల ఆర్డినెన్సులోనూ, మరుసటి ఏటి చట్టంలోనూ అదే సూత్రం మళ్ళీ కనిపించింది.

2016 నాటి దివాలా స్మృతి దీన్ని మరింత స్పష్టం చేసింది. దాని కింద 2019లో చేసిన నిబంధనలలో, చెల్లింపు ప్రణాళిక రాసేటప్పుడు బాకీదారుకూ అతడి మీద ఆధారపడినవారికీ సహేతుకమైన ఖర్చులకు కనీస బడ్జెట్ చూపాలని ఉంది. ముందు ఇల్లు, తరువాత బాకీ అన్నమాట. కాని ఈ భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తులకే 2019 డిసెంబరు నుంచి అమలయింది. మామూలు మనిషికి ఇప్పటికీ ఆ 1920 చట్టమే గతి.

అప్పు ఎగవేతను నేను సమర్థించడం లేదు. అప్పిచ్చినవాడూ చాలాసార్లు మనలాంటివాడే. అయితే ఎడ్లను అమ్మించుకున్నవాడికి ఆ ఒక్కసారే డబ్బు వస్తుంది, ఎడ్లను ఉంచినవాడికి ప్రతి పంటకూ కొంత వస్తుంది. కౌటిల్యుడికి తెలిసిన ఈ చిన్న లెక్క మనం ఇన్నిసార్లు మరిచిపోయి, ఇన్నిసార్లు కష్టపడి మళ్ళీ నేర్చుకున్నాం. ఇంకోసారి ఎవరైనా ఐపీ పెట్టారని విన్నప్పుడు, ఎంత ఎగ్గొట్టాడని అడిగే ముందు ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అని అడగగలమా?