పాతాళబిలపు టాటలు – ఆటగాండ్ర తీర్పులు



నేటి బాలురు ఫోను చేతబట్టి గంటలకొలది తల వంచి కూర్చుండుట మీరందరును చూచుచున్నదే. వారాడు ఆటలలో ఒక జాతి యాటను గూర్చియు, దానిని ఆడినవారు నలువదియేండ్లకు పైగా తమలో తాము చేయుచు వచ్చిన వాదమును గూర్చియు నేడు ముచ్చటింపదలచితిని. ఆటలకు చరిత్ర యేమి, అందును ఆటగాండ్ర మాటలకు చరిత్ర యేమి యని కొందరు పెద్దలు నవ్వవచ్చును. ధర్మరాజు రాజ్యము పోగొట్టుకొన్నది ఆటలోనే. నలుడు అడవుల పాలైనదియు, ఋతుపర్ణుని వలన అక్షహృదయము నేర్చి పోయిన రాజ్యమును మరల గెలిచినదియు ఆటలోనే. వచ్చిన ఓటమి న్యాయమైనదా, అన్యాయమైనదా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు.

ముందుగా ఆట స్వరూపము చెప్పెదను. శ్రీకాళహస్తిలో పాతాళవినాయకుని దర్శించినవారు ఇరుకు మెట్ల మీదుగా 30, 35 అడుగుల లోతునకు దిగియుందురు. అట్టి దిగుడు ఒకటి కాదు, ఒకదాని క్రింద నొకటిగా ఇరువదియారు అంతస్తులున్నవనుకొనుడు. ప్రతి అంతస్తునను చీకటి గదులు, గదులను కలుపు సొరంగములు. అచ్చటచ్చట బంగారము, ఆయుధములు, ఔషధములు. వానికి కాపుగా క్రూరమృగములు, రాక్షసులు. వీరుడొక్కడే దిగును. పోరుచు, దాగుచు, దొరికినది తినుచు, అట్టడుగున నున్న రక్షరేకును సాధించి ప్రాణముతో పైకి రావలెను. వాలి మాయావిని తరుముచు గుహ జొచ్చిన కథ విన్నవారికి, హనుమదాదులు స్వయంప్రభ యున్న బిలమున దారి తప్పిన కథ విన్నవారికి, 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమును చూచినవారికి ఇందు తెలియనిదేమియు లేదు.

ఈ యాటకు పూర్వరంగము నిజమైన గుహలోనే జరిగినది. అమెరికాలో విలియం క్రౌథరను కంప్యూటరు నిపుణుడు గుహాన్వేషణమునందు మక్కువ గలవాడు. కెంటకీ రాష్ట్రమునందలి మామత్ గుహలకు పటములు వ్రాసినవారిలో ఆయనయు, ఆయన భార్యయు నుండిరి. 1976 ప్రాంతమున ఆ గుహల పోలికతో ఆయన యొక ఆటను కూర్చెను. అందు బొమ్మలు లేవు, అన్నియు మాటలే. ఉత్తరమునకు పొమ్మని వ్రాసినచో, అచ్చట నేమున్నదో యంత్రము వర్ణించి చెప్పును. మరుసటి యేడు డాన్ వుడ్స్ అనునతడు దానిని పెంచెను. జనులు తమకముతో ఆడిరి. కాని దానికొక లోపముండెను. పొడుపుకథ విప్పిన పిదప మరల దానిని విప్పుట యెట్లు? ఒకసారి గెలిచినవానికి ఆ గుహలో పనిలేదు.

ఈ లోపమును తీర్చినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనువారు. తరువాత కెన్ ఆర్నాల్డ్ వారితో కలిసెను. 1980 ప్రాంతమున వారు చేసిన ఆట పేరు రోగ్. ఆ కాలపు తెరపై అక్షరములు తప్ప బొమ్మలు నిలువవు. కావున వీరునికి ఒక గుర్తు, రాక్షసులకు ఆంగ్లాక్షరములు ఇరువదియారు, గోడలకు గీతలు. దరిద్రపు వేషమే. కాని అందు రెండు కట్టుబాట్లు పెట్టిరి. ఆ రెంటిని పట్టుకొనియే నేటివరకు వాదము సాగుచున్నది.

మొదటి కట్టుబాటు: ఆట మొదలిడిన ప్రతిసారియు యంత్రము బిలమును క్రొత్తగా నిర్మించును. మా రేణిగుంట జంక్షనులో దిగినవానికి గూడూరు దారి, గుంతకల్లు దారి, అరక్కోణము దారి, తిరుపతి దారి నిన్న నెట్లుండెనో నేడు నట్లే యుండును. రోగ్ ఆటలో నట్లు గాదు. నిన్నటి దారి నేడు లేదు. చేసినవారికిని తమ బిలము తెలియదు. తమ యాటను తామే ఆశ్చర్యముతో ఆడుకొనవచ్చును. రెండవ కట్టుబాటు: చచ్చిన వీరుడు చచ్చినట్లే. నడుమ ఆపి దాచుకొనుటకు వీలున్నను, మరణించినచో ఆ దాపరికము చెల్లదు. మొదటి మెట్టు నుండి మరల దిగవలసినదే.

ఈ రెండవ కట్టుబాటును తప్పించుకొన జూచినవారు మొదటినాడే పుట్టిరి. దాచిన ఆటకు దొంగచాటుగా మరియొక ప్రతి వ్రాసికొని, వీరుడు చచ్చిన వెంటనే ఆ ప్రతితో మరల లేపుట వారి యుపాయము. ఇది పరీక్షలో చీటీ పెట్టుటతో సమానమని ఒకరు. నా యాట, నా కాలము, నీకేమి యని ఒకరు. నాలుగు పదుల యేండ్లు గడచినను ఈ తగవు తీరలేదు.

తగవు మూలమును మన యాటలతో చెప్పినచో పెద్దలకు సులభముగా బోధపడును. వైకుంఠపాళిలో బుద్ధికి పనిలేదు. గవ్వలు పడినట్లు నడచుట, నిచ్చెన దొరికిన ఎక్కుట, పాము నోట పడిన జారుట. అందు ఓడినవాడు సిగ్గుపడనక్కరలేదు. పులిజూదములో అదృష్టమునకు పనిలేదు. మూడు పులులు, పదునైదు మేకలు. అన్నియు కంటి యెదుటనే యున్నవి. ఓడినవాడు ఎవరిని నిందించును? ఈ బిలపు టాట రెంటికి నడుమ నిలిచినది. బిలమును గీయునది విధి. అందు నడచునది బుద్ధి. చచ్చినప్పుడు తప్పు విధిదా, నాదా? రోగ్ నాటినుండి నేటివరకు ఆటగాండ్రు వ్రాసిన లక్షలాది యభిప్రాయములను వడగట్టినచో మిగులు ప్రశ్న యిది యొక్కటే.

1987లో వచ్చిన నెట్‌హాక్ అను ఆట ఈ ప్రశ్నకు విచిత్రమైన సమాధానము చెప్పెను. దానిని కూర్చినవారొక ఊరివారు కారు. కంప్యూటర్ల నడుమ ఉత్తరప్రత్యుత్తరములు సాగు చర్చామండలుల ద్వారా పరిచయమైనవారు. ఆటగాండ్రు తమకు తోచిన వింతలను వ్రాయుచుండ, వానిని ఆటలో చేర్చుచు వచ్చిరి. అందొక జంతువు కలదు, సగము కోడి, సగము పాము. వట్టి చేత తాకినవాడు శిలయగును. చేతులకు తొడుగులు వేసికొని దాని కళేబరమును పట్టుకొన్నచో, అదే గొప్ప ఆయుధము. ఎవని కది తగిలిన వాడు ఱాయి యగును. అయితే బరువు మోయలేక మెట్లమీద తూలి దానిపై పడినచో, పట్టుకొన్నవాడే శిలయగును! ఇట్లు చచ్చినవారు కోపింపలేదు. తమ బుద్ధిహీనతను తామే నవ్వుచు నలుగురికి చెప్పుకొనిరి. హేతువు తెలిసిన ఓటమిని మనుష్యుడు సహించుననుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి వలదు.

తరువాతి కథలో కొంత త్వరగా నడచెదను. 1996 చివర డయాబ్లో అను పెద్ద యాట వచ్చెను. అంతవరకు ఈ యాటలలో వీరుడొక అడుగు వేసినపిదపనే రాక్షసుడొక అడుగు వేయును. ఆలోచించుటకు ఎంత కాలమైన కలదు. డయాబ్లోయు మొదట అట్లే సంకల్పింపబడెను. దానిని ఎడతెగక పరుగెత్తు ఆటగా మార్చవలెనా యని సంస్థలోని పనివారు వోటు వేసిరి; మార్పే గెలిచెను. చదరంగము వంటిది కత్తిసాముగా మారినది. లోకమంతయు దానిని ఆదరించెను. పాతవారు పెదవి విరిచిరి.

ఆ విరిచిన పెదవులే 2008లో జర్మనీ దేశపు బెర్లిన్ నగరమున సమావేశమైనవి. ఈ జాతి యాటలను చేయువారును ఆడువారును కూడి, రోగ్ వంటి ఆట యనిపించుకొనుటకు లక్షణములేవి యని పట్టిక వేసిరి. బిలము క్రొత్తదై యుండవలెను. మరణము శాశ్వతమై యుండవలెను. అడుగునకు అడుగుగా సాగవలెను. ఇట్లు ముఖ్యలక్షణములు కొన్ని, అప్రధానములు కొన్ని. ఇది చదువునపుడు నాకు మన ఆలంకారికులు జ్ఞప్తికి వచ్చిరి. మహాకావ్యమనగా అష్టాదశవర్ణనలుండవలెనని వారు లక్షణము చెప్పిరి గదా. లక్షణకర్త గీత గీచిన నాడే కవి దానిని దాటును. ఇచ్చటను నట్లే జరిగినది. అదే 2008లో డెరెక్ యూ అనునతడు స్పెలంకీ యను చిన్న యాటను ఉచితముగా విడిచెను. అందు వీరుడు దుముకును, పరుగెత్తును. ఆలోచనకు వ్యవధి లేదు. కాని బిలము ప్రతిసారి క్రొత్తది, చావు శాశ్వతము. పట్టికలో సగము నిలిచినది, సగము పోయినది. ఆటగాండ్రు దానిని నెత్తిన బెట్టుకొనిరి. బాణము ఏ గోడనుండి వచ్చునో, ముల్లు ఎచ్చట నున్నదో, చూచు కన్నున్నవానికి ముందే తెలియుట దాని గుణము. అది మొదలు ఒకరిద్దరు, పదిమంది చేరి చేయు చిన్న యాటలకు గొప్ప గిరాకి యేర్పడెను. పెద్ద సంస్థల యండ లేని ఇట్టివానిని ఇండీ ఆటలందురు. 2011లో ఎడ్మండ్ మెక్‌మిలన్, ఫ్లోరియన్ హిమ్‌స్ల్ అనువారిద్దరు చేసిన బైండింగ్ ఆఫ్ ఐజాక్ అట్టిదే.

2013లో రోగ్ లెగసీ యను ఆట క్రొత్త చిక్కు తెచ్చెను. అందు వీరుడు చచ్చినచో అతని వారసుడు వచ్చును. తండ్రి సంపాదించిన ధనముతో కోటను బలపరచుకొని, తండ్రికన్న దృఢుడై దిగును. అనగా, చావు పూర్తిగా చావు కాదు. ఫ్రాన్సు దేశమున పనివారే యజమానులుగా నున్న మోషన్ ట్విన్ అను సహకారసంఘము 2018లో పూర్తిచేసిన డెడ్ సెల్స్ ఆటలోను కొంత మిగులును. సూపర్‌జయంట్ సంస్థవారి హేడీస్ ఆటను 2018 డిసెంబరులో సగము సిద్ధముగా నుండగనే విక్రయమునకు పెట్టి, ఆడినవారి మాట వినుచు దిద్ది, 2020 సెప్టెంబరులో సంపూర్ణము చేసిరి. దాని కథ వింతయైనది. మన నచికేతుడు యముని యింటికి పోయెను; ఇందు గ్రీకుల యముని కుమారుడే ఇంటినుండి పారిపోజూచును. చచ్చిన ప్రతిసారి తండ్రి కొలువునకే తిరిగివచ్చును. అచ్చటివారు అతనిని పలుకరింతురు, ఓదార్తురు, ఎగతాళి చేయుదురు. కథ నడచుటయే చావుల వలన. కష్టముగా నున్నదనువారికి మరియొక ఏర్పాటు కలదు: కోరుకొన్నవానికి మృతి యొక్కంటికి నూటికి రెండు పాళ్ల చొప్పున దెబ్బ తాకిడి తగ్గుచు పోవును.

దీనితో ఆటగాండ్రు రెండు పక్షములైరి. పూర్వజన్మ సంపాదన వెంట రానిచో, పనులు చేసికొని అలసి అరగంట ఆడువానికి దక్కునదేమి యని నవీనులు. ఊరక చచ్చుచుండినను ఒకనాటికి బలము పెరిగి గెలిచినచో, గెలిచినది నీవా, నీ కూడబెట్టిన కాసులా యని ప్రాచీనులు. కర్మసిద్ధాంతము నమ్మిన దేశమున పుట్టినవాడను గనుక నేను నవీనుల పక్షము వహింతునని మీరనుకొందురేమో. నా మనస్సు ప్రాచీనుల వైపే మొగ్గుచున్నది. నలుని వెంట రాజ్యము రాలేదు, ధనము రాలేదు. వచ్చినది అక్షహృదయ మొక్కటే. చచ్చిన వీరుని కత్తి పోవలెను, బంగారము పోవలెను. ఆడినవాని తెలివి మాత్రము మిగులవలెను. అయినను హేడీస్ వారి యేర్పాటును నేను దూషింపను. అది కోరినవారికే గాని అందరికిని కాదు.

ఇక మన తెలుగుగడ్డకు వత్తము. హైదరాబాదునందలి ఓగర్ హెడ్ స్టూడియో యను చిన్న సంస్థ 2017లో అసుర యను ఆటను వెలువరించినది. పై నుండి చూచుచు కత్తి త్రిప్పు ఆట. మన పురాణముల ఛాయ గలది. చచ్చి మరల లేచిన అర్ధదానవుడు పగ తీర్చుకొనుటకై తోడి దానవులనే సంహరించుచు పోవును. రాక్షసుని నాయకుని చేయుట యేమని పెద్దలు నొసలు ముడువవలదు; బలి, ప్రహ్లాదుడు ఏ వంశమువారు? అందు బిలమే కాదు, నాయకుడు నేర్చుకొను విద్యల వృక్షము సైతము ఆడిన ప్రతిసారి వేరుగా కొమ్మలు వేయును. ఒక పుట్టుకలో దొరకిన విద్య మరు పుట్టుకలో దొరకకపోవచ్చును. రోగ్ నాటి మొదటి కట్టుబాటును మనవారు నేలమాళిగ నుండి నాయకుని చదువు వరకు లాగిరన్నమాట. ఇది సామాన్యమైన యూహ కాదు.

ఇట్టి యాటలు నేడు అమ్ముడగు ప్రధానమైన అంగడి స్టీమ్ అనునది. 2003లో తెరచిరి. కొని ఆడినవాడు మెచ్చితిననియో మెచ్చననియో ఒక గుర్తు పెట్టి, క్రింద నాలుగు మాటలు వ్రాయును. పది యభిప్రాయములు రానిదే మొత్తపు తీర్పు కనబడదు. నూటికి డెబ్బదికి తక్కువైనచో మిశ్రమమను ముద్ర పడును. నలువదికి తగ్గినచో అంతకన్న చెడ్డ ముద్ర. 2015 జూను నుండి మరియొక నియమము వచ్చినది: కొన్న పదునాలుగు దినములలోపల, రెండు గంటలకు మించక ఆడినవాడు కారణము చెప్పకయే సొమ్ము వాపసు పొందవచ్చును. కొనువానికిది మేలే. కాని మొదటి రెండు గంటలు చచ్చుటయే పాఠముగా గల యాటను కూర్చినవాని పాట్లు ఆలోచింపుడు. బాలశిక్షలో గుణింతము రాకముందే ఉపాధ్యాయుని తీసివేయవచ్చునన్నచో బడి యెట్లు నడచును? పెద్ద సంస్థకు ప్రకటనలు కలవు, పూర్వఖ్యాతి కలదు. హైదరాబాదు వంటి యూరిలో నలుగురు కూర్చుండి కొన్నేండ్లు శ్రమపడినవారికి ఆ మొదటి తీర్పులే అన్నము.

ఆ యంగడిలో నాకు నచ్చిన పద్ధతి యొకటి కలదు. ప్రతి యభిప్రాయము ప్రక్కను, వ్రాసినవాడు ఎన్ని గంటలు ఆడెనో యంత్రమే చూపును. అప్పుడప్పుడు వినోదములు కనబడును: వేయి గంటలు ఆడి, ఈ యాట దండుగ యని వ్రాసినవారు కలరు. ఆప్తవాక్యమెవ్వరిదో తెలిసికొనుటకు ఇది మంచి సాధనము. మా యూరి యువకులు కొందరు నాకు ఇట్టి యభిప్రాయములు తెరచి చూపగా, నేను ముందు గంటలు చూచి, తరువాత మాటలు చదువుట అలవాటు చేసికొంటిని. శత్రువులు ఎక్కువ, ఆట కష్టము, నేను చచ్చితిని అను మాటలను చేసినవారు విని యూరకుండవచ్చును. కాని నన్ను చంపినదేదో నాకు కనబడలేదు అని ఒక్కడు వ్రాసినను వారు కూర్చుండి ఆ చోటు దిద్దవలెను.