కార్బన్ నానోట్యూబ్‌ల ఉపరితల శుద్ధి

వెంట్రుక కంటే వేల రెట్లు సన్నని ఈ గొట్టాలను 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇయిజిమా వెలుగులోకి తెచ్చాడు. ఉక్కును మించిన బలం, మంచి విద్యుద్వాహకత ఉన్నా, ఎపాక్సీ రెజిన్‌లో నేరుగా కలిపితే ఉండలు కడతాయి. పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే గాఢ నత్రికామ్లం, గంధకికామ్లం మిశ్రమంలో వేడిచేసి, ఆమ్లం పూర్తిగా పోయేదాకా కడిగి ఆరబెడతారు. గోడలపై ఏర్పడే కార్బాక్సిల్ సమూహాలు రెజిన్‌ను గట్టిగా పట్టుకుంటాయి. శుద్ధి మితిమీరితే గోడలు దెబ్బతిని వాహకత పడిపోతుంది. పనితనమంతా ఆ కొలతలోనే ఉంది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రంలో కార్బన్ పదార్థాలపై పరిశోధన సాగుతోంది.

పాతకాలపు ఉక్కులోనూ ఇవి కనిపించాయి. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో ఇలాంటి గొట్టాల జాడ చూశారు. అలాంటి కత్తులకు ముడిసరుకైన మూస ఉక్కును నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారుచేసి పర్షియా వర్తకులకు అమ్మేవారు.