ఓడినోళ్ల లెక్క

మా బైరెడ్డిపల్లెలో పదిహేనేళ్ల కిందట సంక్రాంతికి పెట్టిన కబడ్డీ పోటీల్లో ఫైనల్ ఓడిన జట్టు ఏదని అడిగితే చెప్పేవాళ్లు దొరకరు. గెలిచిన జట్టు పేరైనా కప్పు మీద రాసి ఉంటేనే తెలుస్తుంది. ఆ కప్పు ఎవరింటి షోకేసులో ఉందో, అసలు ఉందో లేదో వెతుక్కోవాల. స్కాట్లండులో ఫోర్ట్ విలియం అనే ఊరి ఫుట్‌బాల్ జట్టు 2018-19లో ఎన్ని గోల్స్ వేయించుకుందో మాత్రం ఇక్కడే కూర్చుని చెప్పగలను. 245. ఆడినవి 34 మ్యాచులు. గెలిచింది ఒక్కటీ లేదు, సమమైనవి రెండు, ఓడినవి 32.

ఊరి చరిత్ర రాయాలని కాగితాలు పోగేసేవాడికి ఇలాంటి లెక్క చూస్తే కుళ్లు పుడుతుంది. అంత ఘోరంగా ఓడిన జట్టు గురించి అంత కచ్చితమైన లెక్క ఎట్లా మిగిలింది? మా ఊళ్లో గెలిచినోళ్ల సంగతి కూడా ఎందుకు మిగల్లేదు? కొన్నాళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే.

ఫోర్ట్ విలియం ఆడింది హైలాండ్ లీగులో. 1893లో మొదలైన లీగు అది, స్కాట్లండు ఉత్తరపు కొండసీమలోది. ఆ దేశంలో పై నాలుగు అంతస్తుల్లో 42 క్లబ్బులుంటాయి. వాటి కింద అయిదో మెట్టు మీద ఉత్తరాన ఈ హైలాండ్ లీగు, దక్షిణాన 2013లో పెట్టిన లోలాండ్ లీగు. ఆడేవాళ్లలో ఎక్కువమంది వారమంతా ఏదో ఒక పని చేసుకుని, శనివారం బూట్లు తొడిగేవాళ్లే. ఆ ఏడు లీగులో 18 జట్లున్నాయి. ప్రతి జట్టూ మిగతా పదిహేడింటితో రెండేసి సార్లు ఆడాల, ఒకసారి సొంతూర్లో, ఒకసారి వాళ్లూర్లో. ఆగస్టు ప్రాంతంలో మొదలైతే చలికాలమంతా సాగి ఎండలొచ్చేదాకా నడుస్తుంది. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి.

ఫోర్ట్ విలియానికి రెండు సమాలతో రెండు పాయింట్లు వచ్చినాయి. అర్హత లేని ఆటగాణ్ని దించినందుకు లీగువాళ్లు తొమ్మిది కోసేసినారు. అట్లా ఏడాది చివర వాళ్ల ఖాతాలో మిగిలింది మైనస్ ఏడు. మ్యాచికి సగటున ఏడు గోల్స్‌కు పైగా వేయించుకున్నా వాళ్లు ఆట మానలేదు. మరుసటి శనివారం మళ్లీ బస్సెక్కినారు.

ఆ ఊరికి ఆ గతి ఎందుకు పట్టిందో చూస్తే మనకు తెలిసిన సంగతులే కనిపిస్తాయి. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ కొండ, 1,345 మీటర్లది, వాళ్ల మైదానానికి పక్కనే ఉంటుంది. వాన విపరీతం. లీగులో తక్కిన ఊళ్లు చాలావరకు దూరం, ఆటగాళ్లను పక్క పట్టణాల నుంచి పిలిపించుకోవాలంటే దారి ఖర్చే తడిసి మోపెడవుతుంది. పైగా ఆ సీమవాళ్లకు ప్రాణం ఫుట్‌బాల్ కాదు, షింటీ. వంకర కర్రలతో బంతిని కొట్టే పాత ఆట అది. కాళ్లలో బలమున్న కుర్రాళ్లు అటే పోతారు. మా దగ్గర కబడ్డీ మోజును దాటుకుని ఫుట్‌బాల్ జట్టు కట్టాలని చూసినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కరలేదు. 2018లో క్లబ్బు పెద్దలంతా ఒక్కసారిగా తప్పుకుంటామన్నారు. కొత్తవాళ్లు కొందరు ముందుకొచ్చి తలకెత్తుకున్నారు. వాళ్లు తలకెత్తుకున్న తొలి ఏడే ఈ మైనస్ ఏడు.

అదే ఏడు అదే లీగులో మొదట నిలిచింది కోవ్ రేంజర్స్. పైమెట్టు ఎక్కాలంటే లీగు గెలిస్తే చాలదు. ఉత్తరపు విజేత దక్షిణపు విజేతను ఓడించి, ఆపైన నాలుగో అంతస్తులో అట్టడుగున ఉన్న జట్టును కూడా ఓడించాల. ఈ పద్ధతి 2014-15లో వచ్చింది. కోవ్ ముందు ఈస్ట్ కిల్‌బ్రైడ్‌ను, తర్వాత రెండు మ్యాచుల్లో కలిపి 7-0తో బెరిక్ రేంజర్స్‌ను ఓడించి పైకి పోయింది. బెరిక్ కిందికి దిగింది.

ఈ బెరిక్ సంగతి మా సరిహద్దువాళ్లకు బాగా అర్థమవుతుంది. ఊరు ఇంగ్లండులో ఉంది, జట్టు ఆడేది స్కాట్లండు లీగులో. సర్కారు గీసిన గీత ఒకటి, ఆట గీసుకున్న గీత ఇంకొకటి. 1967లో ఈ చిన్న జట్టు గ్లాస్గో రేంజర్స్ అంతటి దిగ్గజాన్ని స్కాటిష్ కప్పులో 1-0తో ఓడించింది. ఆ దెబ్బను గ్లాస్గోవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

బైరెడ్డిపల్లె కూడా అట్లాంటి చోటే ఉంది. పలమనేరుకూ వి.కోటకూ నడుమ ఊరు. పడమరగా పోతే బేతమంగళం, కేజీఎఫ్, అంటే కర్ణాటక. కొండలు దిగితే పేర్ణంబట్టు, గుడియాత్తం, అంటే తమిళనాడు. 1911లో చిత్తూరు జిల్లా పుట్టకముందు పలమనేరు తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. 1985లో మండలాలొచ్చినాక మాది మండల కేంద్రం అయింది. కాగితాల మీద గీతలు ఎన్నిసార్లు మారినా, వాలీబాల్ నెట్టు భుజానేసుకున్న కుర్రాళ్లు బేతమంగళం పోటీకి పోవడానికి ఎవరి అనుమతీ అడగలేదు. మైకులో కన్నడం, తిట్లు తమిళం, తగవు తీర్చేది తెలుగులో. ఇక్కడ మూడూ వచ్చినోడే మంచి అంపైరు.

మా ఆటల ఏడాది ఎట్లా నడుస్తుందో చెప్పాల. జూన్ నుంచి సేద్యం. చెనిక్కాయ, రాగి, టమోటా, మల్బరీ, పాడి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యపు వానలు. చెనిక్కాయలు ఒలిచి, రాగులు ఇంటికొచ్చేదాకా ఎవరి చేతులూ ఖాళీ ఉండవు. సంక్రాంతికి బెంగుళూరులో పనిచేసే పిల్లోళ్లు బస్సుల్లో, కుప్పం రైల్లో వచ్చి దిగుతారు. ఆ మూడు నాలుగు రోజులే మా సీజను. కనుమ నాడు పశువుల పండగ, పక్కనే కబడ్డీ, రాత్రి లైట్లేసి టెన్నిస్ బంతితో క్రికెట్. ఎండాకాలం జాతర్లలో ఇంకొక విడత. జూన్ రాగానే మళ్లీ మడక.

పోటీ పెట్టడం కూడా ఒక విద్యే. ముందు కరపత్రం. మొదటి బహుమతి ఎవరు ఇస్తున్నారు, రెండోది ఎవరు, కప్పులు ఎవరు, భోజనాలు ఎవరు అని వరసగా పేర్లు. ఆట పేరు కన్నా దాతల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఎంట్రీ ఫీజు కట్టిన జట్ల పేర్లు చీటీలు రాసి డబ్బాలో వేసి తీస్తారు. ఓడిన జట్టు అక్కడికక్కడే ఇంటికి. ఎంత దూరం నుంచి వచ్చినా ఒక్క ఆటే. ‘ఒకే పంచాయతీ వాళ్లై ఉండవలెను’ అని నిబంధన రాస్తారు గానీ, చిత్తూరు నుంచో కోలారు నుంచో ఒక కొత్త మొహం కూతకు దిగుతుంది. ‘వీడు మా మేనత్త కొడుకు’ అంటారు. అవతలివాళ్లు ఆధార్ కార్డు చూపమంటారు. ఫోర్ట్ విలియం విషయంలో ఈ తప్పుకు తొమ్మిది పాయింట్లు కోసి పుస్తకంలో రాసుకున్నారు. మా దగ్గర కోయడానికి పాయింట్లే లేవు. కోర్టు మీద తోపులాట, ఎవరో పెద్దమనిషి సర్దుబాటు, లేదంటే ఆట రద్దు. రద్దయిన ఆటకు లెక్క ఎక్కడిది?

ఒక్క ఓటమితో ఇంటికి పోయే పోటీలో ఆటగాడికి నేర్చుకునే సందు ఉండదు, చూసేవాడికి గుర్తుపెట్టుకునే కారణమూ ఉండదు. లీగులో ఓడినవాడు తిరిగి రావాల. వచ్చేవాడి కోసం జాబితా రాసిపెట్టాల. ఆ జాబితాయే కొన్నేళ్లకు చరిత్ర అవుతుంది.

మరి లీగు మా దాకా ఎందుకు రాలేదు? బంతి చాలా దగ్గరికే వచ్చింది. ఈ దేశంలో ఫుట్‌బాల్ వేళ్లూనింది దండు మైదానాల్లో. 1888లో సిమ్లాలో జరిగిన తొలి డ్యురాండ్ కప్ ఫైనల్లో తలపడిన జట్లు రెండూ స్కాట్లండు పటాలాలే. రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ 2-1తో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీని ఓడించింది. మాకు దగ్గరి దండు బెంగుళూరు కంటోన్మెంటు. జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా అక్కడికి 1864లోనే రైలు పోయింది. 1880లో జాన్ టేలర్ కంపెనీవాళ్లు కోలారు బంగారు గనుల్లో, అంటే కేజీఎఫ్‌లో, దిగినారు. 1885కే అక్కడ దొరల క్లబ్బు వెలిసింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటొచ్చింది. తాగునీళ్లు మా పక్కనున్న బేతమంగళం చెరువు నుంచే పోయినాయి. ఫుట్‌బాల్‌కూ హాకీకీ కేజీఎఫ్ పేరు మోసిన ఊరు.

ఈ వైపు నుంచి ఎందరో ఆ గనుల్లో పనికి పోయినారు. కుప్పం దిక్కున బిసానత్తం, చిగురుగుంటల్లో కూడా బంగారు గనులుండేవి. పోయినవాళ్లు పండక్కి ఇంటికొచ్చేటప్పుడు జీతం తెచ్చినారు, దగ్గు తెచ్చినారు, తమిళ పాటలు తెచ్చినారు. ఫుట్‌బాల్ మాత్రం తేలేదు. నాకు తోచిన కారణం ఒకటే. గనిలో షిఫ్టు ఉంటుంది, వారానికో సెలవు దినం ఉంటుంది, నెల తిరిగితే కూలి చేతికొస్తుంది. ఫలానా ఆదివారం పదకొండు మంది ఖాళీగా ఉంటారని మూడు నెలల ముందే చెప్పొచ్చు. వానను నమ్ముకున్న సేద్యంలో అట్లా చెప్పేదెవరు? టమోటాకు రేటు పలికిన వారం ఊళ్లో కోర్టు గీయడానికి కూడా మనిషి దొరకడు. స్కాట్లండులోనైనా లీగులు బలిసింది మిల్లులూ గనులూ రేవులూ ఉన్న ఊళ్లలోనే. శనివారం మధ్యాహ్నం సెలవన్నది వాళ్లకు కొట్లాడితే వచ్చింది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. ఇప్పుడు కేజీఎఫ్ పిల్లోళ్లూ మా పిల్లోళ్లూ ఒకే రకంగా బెంగుళూరు రైళ్లలో వేలాడుతున్నారు.

రాసిపెట్టడం ఈ సీమకు చేతకాదని అనలేం. పుంగనూరు, పలమనేరు ప్రాంతాల్లో బాణుల, నొలంబుల, వైదుంబుల కాలపు వీరగల్లులు ఎన్నో. పశువుల్ని తోలుకుపోయే దండుకు అడ్డుపడి ఎవడు చచ్చినాడో, ఏ ఊరివాడో, వెయ్యేళ్ల కిందట రాతిలో చెక్కిపెట్టినారు. చచ్చినవాడి పేరు రాసినారు, పశువులు దక్కినాయా లేదా అన్నది చాలాచోట్ల తర్వాతి మాట. మొన్నమొన్నటిదాకా కరణాలు ప్రతి కయ్యకూ నంబరు, శిస్తు, పంట రాసినారు. 1984లో ఆ పదవులు పోయినా వాళ్ల చేతిరాత కొన్ని ఇళ్లల్లో అటకల మీదుంది. రాతికీ పన్నుకూ ఎక్కినవి మిగిలినాయి. ఆట రెండింటికీ ఎక్కలేదు.

తెలుగునాట లెక్కలున్న ఫుట్‌బాల్ అంటే హైదరాబాదుదే. అక్కడ సయ్యద్ అబ్దుల్ రహీం 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు వెనక నగరంలో ఏడాది పొడుగునా నడిచే ఆట ఉంది, చూసేదానికి వచ్చే జనమున్నారు, ఆటగాడికి పోలీసు ఉద్యోగముంది. రాయలసీమలో ఈ మధ్య ఆ పని చేస్తున్నది అనంతపురం. ఆర్డీటీ సంస్థ అక్కడ పల్లెల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్ నేర్పి లీగు పద్ధతిలో ఆడిస్తోంది. మదనపల్లె, కదిరి మీదుగా పోతే మాకు ఒక పూట దారి. మా మండలాల నుంచి ఎవరైనా పోయి చూసొస్తే బాగుంటుంది.

పెద్ద లీగు అక్కరలేదు. బైరెడ్డిపల్లె, వి.కోట, పలమనేరు, గంగవరం, పెద్దపంజాణి, రామకుప్పం, శాంతిపురం, గుడుపల్లె, కుప్పం. తొమ్మిది మండలాలు, తొమ్మిది జట్లు. ఒక్కొక్కరు మిగతా ఎనిమిది మందితో ఒక్కోసారి ఆడితే మొత్తం 36 ఆటలు. ఆదివారానికి నాలుగు చొప్పున తొమ్మిది వారాలు. సంక్రాంతికి మొదలుపెడితే ఉగాదికి ముందే అయిపోతుంది. అప్పటికి వేసవి టమోటా పని ఇంకా మీద పడదు. ఫుట్‌బాలే అని పట్టు లేదు, కబడ్డీ అయినా సరే, వాలీబాల్ అయినా సరే. కప్పు చిన్నదైతేనే మేలు. ఆ డబ్బు జట్ల డీజిలుకు పెట్టొచ్చు. దాతల పేర్లు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వేసుకోనీండి, ఆ పక్కనే తొమ్మిది వరసల పట్టిక కూడా అచ్చేయాల.

ఫోర్ట్ విలియం ఏమైందని అడుగుతారేమో. 2019 జూలైలో నార్త్ ఆఫ్ స్కాట్లండ్ కప్పులో నేర్న్ కౌంటీని 5-2తో ఓడించినారు, రెండేళ్లకు పైగా ఎదురుచూసినాక. 2022లో హైలాండ్ లీగు నుంచి కిందిమెట్టుకు దిగినారు. అక్కడా ఆడుతున్నారు.

మన లీగు మొదలైతే తొలి ఏడు అట్టడుగున నిలిచేది బైరెడ్డిపల్లే కావచ్చు. మా పిల్లోళ్ల కూత సంగతి నాకు తెలుసు. అయినా నోటుబుక్కు ఖర్చు నాది, స్కోరు రాసేదానికి ఆదివారాలు కూడా నావే. డీజిలు సంగతే ఎవరైనా చూసుకోవాల.